బ్రెస్ట్ కేసుకి గ్యాస్ పెడితే క్యాన్సర్ తిరగబెడుతుందా? సర్జన్లు టివానే కావాలంటున్నారు

పీజీ_రెండోఏడు
ఎంఆర్‌ఎం (రొమ్ము మొత్తం, చంక గ్రంథులు తీసే సర్జరీ) లిస్టు పడిన ప్రతిసారీ సర్జరీ వాళ్ళది ఒకటే పాట. "గ్యాస్ వద్దు, టివా ఇవ్వండి, సెవో పెడితే క్యాన్సర్ తిరగబెడుతుంది." టివా అంటే గ్యాస్ లేకుండా ప్రొపోఫాల్ లాంటి మందుని పంపుతో సిరలోకి ఇచ్చే మత్తు, సెవో అంటే సెవోఫ్లురేన్ గ్యాస్. థియేటర్ మొత్తానికి సిరంజి పంపులు రెండు, అందులో ఒకదానికి బ్యాటరీ నిలవదు. మత్తు లోతు చూపే బిస్ మానిటర్ లేనే లేదు. పుస్తకం తీస్తే వాళ్ళ మాటకి ఆధారం ఉన్నట్టే కనిపిస్తోంది: ఐసోఫ్లురేన్ గ్యాస్ గడ్డ పెరగడానికి తోడ్పడే హిఫ్-1 ఆల్ఫా ప్రొటీన్ని పెంచుతుంది, ఎన్‌కే కణాలు (క్యాన్సర్ కణాలను చంపే తెల్లకణాలు) మందగిస్తాయి, మార్ఫిన్ కూడా అదే దారి. అదంతా ల్యాబ్ మాట. మనుషుల్లో తేలిందా లేదా? దేని కోసం పట్టుబట్టాలి, దేన్ని వదిలేయాలి?

సెవో_సత్యం
తేలింది. తేడా లేదని తేలింది. డ్యూటీ దిగాక వివరంగా రాస్తా.

కత్తీకుట్టూ
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి సత్యంగారూ. 2006లో ఎగ్జాడాక్టిలోస్ పేపర్ మీ అనస్థీషియాలజీ పత్రికలోనే వచ్చింది. బ్రెస్ట్ క్యాన్సర్ రోగులు 129 మంది. పారావెర్టిబ్రల్ బ్లాక్ (వెన్ను పక్క నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్) పడ్డవాళ్ళలో మూడేళ్ళకి 94% మందికి తిరగబెట్టలేదు. మార్ఫిన్‌తో జనరల్ ఇచ్చినవాళ్ళలో అది 77%. 2016లో లండన్ రాయల్ మార్స్‌డెన్ వాళ్ళు ఏడు వేల మంది రికార్డులు తిరగేశారు. గ్యాస్ గుంపులో మరణాల హజార్డ్ రేషియో 1.46, అంటే టివా గుంపుకన్నా చావు ప్రమాదం 46% ఎక్కువ. ఈ మాట మేం గాల్లోంచి పుట్టించలేదు.

లెక్కలమేష్టారు
ఆ రెండూ పాత కేసు షీట్లు వెనక్కి తిరగేసి చేసినవే. 129లో పారావెర్టిబ్రల్ పడింది 50 మందికి. అంత చిన్న గుంపులో ముగ్గురో నలుగురో అటూ ఇటూ అయితే శాతం తలకిందులైపోతుంది. ఇక మార్స్‌డెన్‌లో ఎవరికి టివా, ఎవరికి గ్యాస్ అన్నది చీటీ తీసి పంచలేదు. ఆ రోజు ఎవరు మత్తు ఇచ్చారు, ఏ సర్జన్, ఏ సంవత్సరం, కేసు ఎంత పెద్దది, ఇవన్నీ మత్తు ఎంపికతో ముడిపడి ఉంటాయి. ఒకేలాంటి రోగులను జతచేసి పోల్చే ప్రొపెన్సిటీ మ్యాచింగ్ రికార్డులో రాసినవాటినే సరిచేస్తుంది. రాయనిదాన్ని ఎలా సరిచేస్తుంది? ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు ఉంది వ్యవహారం.

మధ్యరాత్రి_డ్యూటీ
మేష్టారు వచ్చారంటే ఇక ఈ చర్చ మూడు రోజులు నడుస్తుంది 😄

సెవో_సత్యం
రాస్తానన్నది ఇదీ.

కత్తీకుట్టూ గారు చెప్పిన 2006 పేపర్ వచ్చాక, అదే ప్రశ్నని సరిగ్గా పరీక్షించాలని సెస్లర్ బృందం 2007లో రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. 13 ఆస్పత్రులు, ఎనిమిది దేశాలు, 2018 మొదట్లో చేరికలు ఆగాయి, 2019లో లాన్సెట్‌లో వచ్చింది. ఒక గుంపుకి పారావెర్టిబ్రల్ లేదా ఎపిడ్యూరల్ (వెన్నులో గొట్టం పెట్టి మొద్దుబార్చడం), పైన ప్రొపోఫాల్. రెండో గుంపుకి సెవో, ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి నొప్పి మందు). లెక్కలోకి వచ్చినవాళ్ళు 2,108 మంది. తిరగబెట్టినవి బ్లాక్ గుంపులో 102, సెవో గుంపులో 111. రెండూ నూటికి పది. హజార్డ్ రేషియో 0.97.

ఇందులో ఓ మెలిక గమనించండి. ఒక గుంపులో బ్లాకూ ఉంది, ప్రొపోఫాలూ ఉంది, ఓపియాయిడ్ తక్కువ. మంచివనుకున్నవన్నీ ఒకవైపు, చెడ్డవనుకున్నవన్నీ రెండోవైపు పెట్టి తూకం వేశారు. అయినా ముల్లు కదల్లేదు.

ఇంకోటి. బ్లాక్ ఇస్తే దీర్ఘకాలం నొప్పి ఉండదని కదా మనం చెప్పుకునేది. అదే ట్రయల్‌లో ఆర్నెల్లకి కోసిన చోట నొప్పి రెండు గుంపుల్లోనూ 52%. ఏడాదికి 28, 27.

పీజీ_రెండోఏడు
సార్, అది బ్రెస్ట్ ఒక్కటే కదా. అందులో స్ట్రెస్ తక్కువ. పొట్టలో, ఛాతీలో పెద్ద సర్జరీకి ఎపిడ్యూరల్ పెడితే ఫలితం వేరుగా ఉండొచ్చుగా?

సెవో_సత్యం
అదీ చూశారు. చైనాలో ఛాతీ, పొట్ట పెద్ద సర్జరీలు చేయించుకున్న వృద్ధులు 1,800 పైచిలుకు మంది, జనరల్‌తోపాటు ఎపిడ్యూరల్ ఇచ్చారు. బ్రతికే కాలంలో తేడా రాలేదు. ఊపిరితిత్తి క్యాన్సర్ సర్జరీలు 400 మందిలోనూ అంతే. రెండూ 2021లోనే. ఎపిడ్యూరల్ పెట్టండి, నొప్పికి పెట్టండి, ఊపిరి బాగా తీసుకోవడానికి పెట్టండి. క్యాన్సర్ పేరు చెప్పి పెట్టకండి.

కత్తీకుట్టూ
సరే బ్లాక్ సంగతి ఒప్పుకుంటా. ప్రొపోఫాల్ వర్సెస్ సెవో మాత్రం విడిగా చూడాలి.

సెవో_సత్యం
స్వీడన్‌లో అదే చూశారు. బ్రెస్ట్ సర్జరీలు 1,700కి పైగా, చీటీ తీసి సగం ప్రొపోఫాల్, సగం సెవో. ఐదేళ్ళ బ్రతుకులో తేడా లేదు. పెద్ద పొట్ట, ఛాతీ సర్జరీలకి వేపర్-సి అని ఆస్ట్రేలియా నుంచి ఇంకా పెద్ద ట్రయల్ నడుస్తోంది. సెవోకి ప్రొపోఫాల్‌కి పోటీ ఒకటి, ఐవీ (సిరలోకి) లిగ్నోకైన్ అనే మొద్దుబార్చే మందు ఇవ్వడానికి ఇవ్వకపోవడానికి పోటీ ఇంకోటి, రెండూ ఒకేసారి.

థియేటర్_సిస్టర్
టివా అడిగే సర్జన్ గారికి ఒక మాట. ఎంఆర్‌ఎంలో ఆపరేషన్ వైపు చెయ్యి చాపి ఉంటుంది, క్యాన్యులా అవతలి చేతికి ఉంటుంది, ఆ చెయ్యి డ్రేపుల కింద. క్యాన్యులా ఊడినా, మందు సిరలోకి కాక కండలోకి పోయినా ఎవరికీ కనపడదు. పంపు మాత్రం నడుస్తూనే ఉంటుంది. రోగికి కండరాలను కదలనివ్వని రిలాక్సెంట్ పడి ఉంటుంది, మెలకువ వస్తుంది, కదల్లేదు. గ్యాస్ అయితే బయటికి వచ్చే ఊపిరిలో ఎంత ఉందో మానిటర్ చెప్తుంది. ప్రొపోఫాల్‌కి ఆ అంకె లేదు.

సెవో_సత్యం
సిస్టర్ చెప్పింది బంగారం. బిస్ లేకుండా, రిలాక్సెంట్‌తో, చెయ్యి డ్రేపుల్లో దాచి టివా ఇవ్వడం అంటే లేని మేలు కోసం ఉన్న ప్రమాదం కొనుక్కోవడం. ఇవ్వక తప్పదంటే ప్రొపోఫాల్ లైన్ విడిగా ఉండాలి. సెలైన్ బాటిల్‌తో కలిపితే సెలైన్ వైపు వన్-వే వాల్వ్ పెట్టాలి, లేకపోతే లైన్ మూసుకున్నప్పుడు మందు బాటిల్ వైపు వెనక్కి ఎక్కుతుంది, తర్వాత ఒక్కసారిగా దిగుతుంది. క్యాన్యులా కంటికి కనపడేలా డ్రేప్ మడవండి.

మందులచీటీ
మత్తుని బోనులో నిలబెట్టి అసలు ముద్దాయిని వదిలేస్తున్నారు. సర్జరీయే పెద్ద దెబ్బ. కోత పడగానే అడ్రినలిన్, నారడ్రినలిన్, కార్టిజాల్ పెరుగుతాయి. గాయం దగ్గర ప్రోస్టాగ్లాండిన్ ఇ2 పెరుగుతుంది. రెండూ కలిసి ఎన్‌కే కణాలను కొన్ని రోజులపాటు పడుకోబెడతాయి. అదే సమయంలో గడ్డని కదిలించడం వల్ల కొన్ని కణాలు రక్తంలోకి జారతాయి. గాయం మానడానికి శరీరం వదిలే, కొత్త రక్తనాళాలు మొలిపించే విజీఎఫ్ లాంటి సంకేతాలు, అక్కడా ఇక్కడా నిద్రపోతున్న కణాలకి కూడా ఎరువే. వీటి ముందు రెండు గంటల సెవో ఏ పాటి?

అందుకే కొందరు మత్తుని వదిలేసి స్ట్రెస్ మీద పడ్డారు. 2017లో ఇజ్రాయెల్ బృందం 38 మంది బ్రెస్ట్ రోగులకి సర్జరీకి ఐదు రోజుల ముందు నుంచి ప్రొప్రనలాల్ (అడ్రినలిన్ పనిని అడ్డుకునే బీటా బ్లాకర్), ఎటోడోలాక్ (ప్రోస్టాగ్లాండిన్ తగ్గించే నొప్పి మందు) కలిపి 11 రోజులు ఇచ్చింది. తీసిన గడ్డలో పాకే గుణానికి సంబంధించిన జీన్లు తగ్గాయి.

లెక్కలమేష్టారు
38 మందిలో జీన్లు తగ్గాయి. మంచిదే. రోగి బ్రతుకు జీన్ చార్టులో ఉండదు.

సెవో_సత్యం
పైగా పోయిజ్ ట్రయల్ మర్చిపోకండి. 2008, ఎనిమిది వేల పైచిలుకు మంది, సర్జరీ రోజే ప్రొప్రనలాల్ జాతిదే, మెటోప్రొలాల్ మొదలుపెట్టారు. గుండెపోట్లు తగ్గాయి, పక్షవాతాలూ మరణాలూ పెరిగాయి. ఇది చదివి రేపు ఎవరూ ప్రీమెడికేషన్‌లో ప్రొప్రనలాల్ రాయొద్దు. ట్రయల్ బయట దానికి చోటు లేదు.

పీజీ_రెండోఏడు
మరి నొప్పి ఇంజెక్షన్ కెటొరొలాక్? కోతకి ముందు ఒక డోసు ఇస్తే తిరగబెట్టడం తగ్గుతుందని సెమినార్లో విన్నాను.

మందులచీటీ
అదీ మొదట పాత రికార్డుల్లోంచి వచ్చిన ముచ్చటే. తర్వాత బెల్జియంలో 203 మందికి చీటీ తీసి 30 మిల్లీగ్రాములు ఒక డోసు, ప్లాసిబోతో పోల్చి ఇచ్చారు. ఉపయోగం కనపడలేదు. నొప్పికి వాడుకో, క్రియాటినిన్ చూసుకుని.

మధ్యరాత్రి_డ్యూటీ
అంటే ఈ బండిలో ఎక్కిన ప్రతి మందూ తర్వాతి స్టేషన్లో దిగిపోతోందన్నమాట.

కత్తీకుట్టూ
ఒకటి దిగలేదు. మన దేశం బండే. టాటా మెమోరియల్, బడ్వే గారి ట్రయల్, 2023 జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ. దేశంలో 11 ఆస్పత్రులు, 1,600 మంది. కీమో పడని, నేరుగా సర్జరీకి వచ్చిన తొలిదశ బ్రెస్ట్ కేసులు. కోతకి 7 నుంచి 10 నిమిషాల ముందు గడ్డ చుట్టూ 0.5% లిగ్నోకైన్. అంతే. ఐదేళ్ళకి జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు 82.6 నుంచి 86.6 శాతానికి పెరిగారు. బ్రతికున్నవాళ్ళు 86.4 నుంచి 90.1కి. వయల్ ధర టిఫిన్ ఖర్చు కూడా ఉండదు. దీనికేమంటారు మేష్టారూ?

లెక్కలమేష్టారు
దీన్ని మాత్రం నవ్వి వదిలేయను. సుమారు 25 మందికి చేస్తే ఒకరికి తిరగబెట్టడం తప్పుతుంది. కొత్త కీమో మందుల్లో చాలావాటికి ఈ లెక్క రాదు. చీటీ తీసి పంచారు, గుంపు పెద్దది, మరణాల్లోనూ తేడా వచ్చింది.

నా గొణుగుడు రెండు. కంట్రోల్ గుంపుకి సెలైన్ ఇంజెక్షన్ కూడా లేదు, కాబట్టి సర్జన్‌కి ఎవరు ఏ గుంపో తెలుసు. మేలు లిగ్నోకైన్‌దా, ద్రవం నింపి పది నిమిషాలు ఆగినందుకా అన్నది ఆ డిజైన్ విడదీయదు. రెండోది, ఇంత పెద్ద ఫలితాన్ని ఇంకో దేశంలో, ఇంకో బృందం మళ్ళీ చూపించాలి.

మందులచీటీ
పని చేసే దారి మాత్రం నమ్మదగ్గదే. క్యాన్సర్ కణాల మీద కూడా వోల్టేజ్‌తో తెరుచుకునే సోడియం చానెళ్ళుంటాయి. కదలడానికి, చొరబడటానికి వాడుకుంటాయి. లిగ్నోకైన్ మూసేది వాటినే.

ఇక్కడ చాలామంది తడబడేది ఒకటుంది. "అయితే ఐవీ లిగ్నోకైన్ ఇన్ఫ్యూజన్ ఇస్తే చాలదా" అంటారు. చాలదు. 0.5% అంటే మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాములు, అంటే 5,000 మైక్రోగ్రాములు. ఇన్ఫ్యూజన్‌లో రక్తంలో ఉండేది మిల్లీలీటరుకి 1 నుంచి 3 మైక్రోగ్రాములు. వెయ్యి రెట్ల పైనే తేడా. ప్యాంక్రియాస్ క్యాన్సర్ సర్జరీలో 563 మందికి బోలస్ కిలోకి 1.5, తర్వాత గంటకి కిలోకి 2 మిల్లీగ్రాముల చొప్పున ఐవీ ఇచ్చి చూశారు, 2022లో. ఓపియాయిడ్ తక్కువ పట్టింది, బ్రతుకులో తేడా లేదు.

పీజీ_రెండోఏడు
గడ్డ చుట్టూ ఇచ్చేది ఎవరు, ఎలా కలపాలి? దయచేసి లెక్కతో చెప్పండి.

కత్తీకుట్టూ
సర్జనే ఇవ్వాలి, గడ్డ ఎక్కడుందో అతనికే తెలుసు. మత్తు పడి, పెయింట్, డ్రేప్ అయ్యాక.

గరిష్ఠ మోతాదు అడ్రినలిన్ లేకుండా కిలోకి 4.5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 270 మిల్లీగ్రాములు. 0.5%లో అది 54 మిల్లీలీటర్లు. చేతిలో ఉన్నది 2% వయల్ అయితే ఒక పాలు మందు, మూడు పాళ్ళు సెలైన్: 13.5 మిల్లీలీటర్ల మందు, 40.5 సెలైన్. 45 కిలోల మనిషైతే మొత్తం 40 మిల్లీలీటర్ల దగ్గర ఆగిపోవాలి. బరువు అడక్కుండా సిరంజి నింపొద్దు.

గడ్డకి పైన, కింద, నాలుగు పక్కలా. సూది గడ్డలోకి పోకూడదు, దాని పక్కన ఆరోగ్యంగా ఉన్న కణజాలంలోనే. ప్రతిసారీ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూసి తోయాలి. తర్వాత గడియారం చూడాలి. ఏడు నిమిషాలు థియేటర్లో చాలా పొడుగ్గా అనిపిస్తుంది, ఎవరో ఒకరు "మొదలెడదామా సార్" అంటారు. అప్పుడే ఆగాలి.

సెవో_సత్యం
ఇక్కడ మత్తు డాక్టర్ నోరు తెరవాలి. సర్జన్ 270 పెట్టేశాడు, అంటే లిగ్నోకైన్ కోటా మొత్తం అయిపోయింది. ఇండక్షన్లో ప్రొపోఫాల్ మంట తగ్గడానికి మనం 60 మిల్లీగ్రాములు అప్పటికే ఇచ్చి ఉంటాం. ఆ పైన ఛాతీ నరాలను మొద్దుబార్చే పెక్స్ బ్లాక్‌కి 0.25% బుపివకైన్ 30 మిల్లీలీటర్లు, అంటే 75 మిల్లీగ్రాములు. కిలోకి 2 చొప్పున దాని హద్దు 120. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దగా దాటినట్టు అనిపించదు. కానీ స్థానిక మత్తుల విషం కలుస్తుంది. లిగ్నోకైన్ ఆ 60తో కలిపి నూటికి 122, బుపివకైన్ 62, మొత్తం 184.

కాబట్టి లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఉన్న రోజు ఇండక్షన్లో లిగ్నోకైన్ మానేయండి లేదా కోటాలోంచి తీసేయండి. బ్లాక్‌ని సర్జరీ చివరికి జరపండి, డోసు తగ్గించండి. జనరల్‌లో ఉన్న రోగికి నోరు తిమ్మిరి, చెవుల్లో హోరు ఏవీ తెలియవు. మొదట కనపడేది ఈసీజీలో వెడల్పైన క్యూఆర్‌ఎస్, బీపీ పడిపోవడం, లేదా అరిథ్మియా.

థియేటర్_సిస్టర్
ఆ విషానికి విరుగుడు, 20% లిపిడ్ (కొవ్వు) ఎమల్షన్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోవాలి. ఐసీయూ అల్మారాలో తాళం వేసి ఉంటే లేనట్టే.

మధ్యరాత్రి_డ్యూటీ
ప్రొపోఫాల్ కూడా తెల్లగానే ఉంటుంది కదా సిస్టర్ 😜

సెవో_సత్యం
జోకే, కానీ నిజంగా అలా అనుకునేవాళ్ళున్నారు. ప్రొపోఫాల్ 10% కొవ్వులో ఉంటుంది. కావాల్సినంత కొవ్వు ఎక్కించాలంటే అందులోని ప్రొపోఫాలే గుండెని ఆపేస్తుంది. లిపిడ్ 20%, బోలస్ కిలోకి 1.5 మిల్లీలీటర్లు రెండు మూడు నిమిషాల్లో. 60 కిలోలకి 90. తర్వాత నిమిషానికి కిలోకి 0.25. అడ్రినలిన్ ఇవ్వాల్సి వస్తే చిన్న డోసులే, కిలోకి 1 మైక్రోగ్రాము లోపు.

స్లైడుబాక్సు
లిగ్నోకైన్ వాడే సర్జన్లకి పాథాలజీ నుంచి విన్నపం. ద్రవం నింపితే కొవ్వు పొరలు ఉబ్బి విడిపోతాయి, గడ్డ అంచు చేతికి దొరకదు. కన్జర్వేషన్ (గడ్డ వరకే తీసి రొమ్ము ఉంచడం) చేస్తుంటే ఇంజెక్షన్ ముందే చర్మం మీద మార్కు చేసుకోండి. తీసిన ముక్కకి దారాలతో దిక్కులు గుర్తుపెట్టండి.

ఇంకో పెద్ద పరిమితి. మన దగ్గర చాలా కేసులు ముదిరాకే వస్తాయి, ముందు కీమో పడుతుంది. ఆ ట్రయల్లో వాళ్ళు లేరు. కీమో తర్వాత కరిగిన గడ్డ చుట్టూ ఇంజెక్షన్ చేసి "టాటా పద్ధతి" అని నోట్సులో రాయకండి.

పీజీ_రెండోఏడు
ఒకటి అడగొచ్చా? అవుట్‌పేషెంట్‌లో బంధువులు అడిగేది ఇంకో రకం. "కత్తి తగిలితే పాకుతుందట, బయాప్సీ కూడా వద్దు" అని. వాళ్ళకేం చెప్పాలి? ఇక్కడ చదువుతుంటే వాళ్ళ భయం పూర్తిగా తప్పు కాదేమో అనిపిస్తోంది.

స్లైడుబాక్సు
ఆ నమ్మకం మనూళ్ళోదే అనుకోకండి. అమెరికాలో 2003లో ఊపిరితిత్తుల క్లినిక్కులకి వచ్చినవాళ్ళని అడిగితే, సర్జరీలో గాలి తగిలితే క్యాన్సర్ పాకుతుందని 38% మంది నమ్మారు. గాలికి ఆ శక్తి లేదు.

సూది దారిలో కణాలు పడటం కొన్ని చోట్ల నిజం. లివర్ క్యాన్సర్‌లో నూటికి మూడు లోపు. అందుకే స్కానే తేల్చి చెప్పే లివర్ గడ్డకి బయాప్సీ చేయరు. వృషణం గడ్డకి తిత్తి మీద నుంచి సూది పెట్టకూడదు, గజ్జ దగ్గర కోసి మొత్తం తీయాలి. తిత్తి చర్మం కోస్తే లింఫు దారి మారిపోతుంది. బ్రెస్ట్‌కి కోర్ బయాప్సీ మామూలే, భయం లేదు.

బంధువులకి చెప్పాల్సింది ఆలస్యం సంగతి. 2020లో బీఎంజేలో వచ్చిన లెక్క: సర్జరీ నాలుగు వారాలు ఆలస్యమైతే చావు ప్రమాదం 6 నుంచి 8 శాతం పెరుగుతుంది. కత్తికి భయపడి మూడు నెలలు చెట్టుమందు తాగితే ఎంతో వేసుకోండి.

గైనిక్_ఆంకో
కత్తి ఎలా పడిందన్నది మాత్రం ముఖ్యమే. అందుకు తిరుగులేని రుజువు మా దగ్గరుంది. ల్యాక్ ట్రయల్, 2018. గర్భాశయ ముఖద్వారం తొలిదశ క్యాన్సర్, 631 మంది, ర్యాడికల్ హిస్టెరెక్టమీ. పొట్ట కోసి చేసినవాళ్ళలో నాలుగున్నరేళ్ళకి జబ్బు లేనివాళ్ళు 96.5%. ల్యాప్రోస్కోపీ, రోబో గుంపులో 86%. మత్తు అదే, క్యాన్సర్ అదే, దారి ఒక్కటే మారింది.

కారణాలు వెతికితే యుటెరైన్ మానిప్యులేటర్ మీదికి వేలు పోయింది. గడ్డని పొడుచుకుంటూ లోపలికి పోయే ఇనుప కడ్డీ అది. రెండోది, యోనిని లోపలి నుంచి కోసేటప్పుడు గడ్డ పొట్టలోకి తెరుచుకోవడం, లోపలున్న కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి. అందుకే ర్యాడికల్ కేసుల్లో మళ్ళీ పొట్ట కోయడానికే వెళ్ళిపోయాం.

ఫైబ్రాయిడ్లు ముక్కలు చేసే పవర్ మోర్సెలేటర్ కథా ఇదే. సుమారు 350 మందిలో ఒకరికి ఫైబ్రాయిడ్ అనుకున్నది సార్కోమా కావచ్చని 2014లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. దాన్ని పొట్టలో గిర్రున తిప్పి ముక్కలు చేస్తే విత్తనాలు చల్లినట్టే.

కత్తీకుట్టూ
పెద్దపేగులో మాత్రం అలా జరగలేదండీ. పోర్టు దారుల్లో క్యాన్సర్ మొలుస్తోందని 90లలో గగ్గోలు పుట్టింది. 2004లో కాస్ట్ ట్రయల్ 872 మందిలో చూస్తే తిరగబెట్టడం రెండింటిలోనూ సమానం, గాయంలో మొలకెత్తినవి నూటికి ఒకటి లోపు. ముక్కని సంచీలో పెట్టి తీయడం, కోతకి ప్రొటెక్టర్ వేయడం అలవాటయ్యాక ఆ భయం పోయింది. ముందు రక్తనాళాలు కట్టి తర్వాత గడ్డని ముట్టుకునే నో-టచ్ పద్ధతిని కూడా జపాన్ వాళ్ళు 853 మందిలో పరీక్షించారు. తేడా లేదు.

యూరోవాలా
మత్తు వల్ల క్యాన్సర్ పాకడం అంటే హిఫ్-1 ఆల్ఫా దాకా పోనక్కర్లేదు. మా థియేటర్‌కి రండి, కళ్ళముందే చూపిస్తా.

బ్లాడర్ (మూత్రాశయం) పక్క గోడ మీద గడ్డ. స్పైనల్ ఇచ్చారు, బొడ్డు దాకా (టీ10) బాగా పట్టింది, రోగి హాయిగా పాట వింటున్నాడు. గడ్డ కోసే కరెంట్ తీగ, రిసెక్షన్ లూప్, పక్క గోడకి తగలగానే ఆ పక్కగా తొడకి పోయే ఆబ్చురేటర్ నరానికి కరెంట్ తగిలి తొడ టపీమని లోపలికి గుంజుకుంటుంది. లూప్ బ్లాడర్ గోడని చీల్చేస్తుంది. సెలైన్‌తోపాటు గడ్డ కణాలు బయట కొవ్వులోకి. ఇప్పటిదాకా లోపలే ఉన్న జబ్బు ఇప్పుడు బయట.

స్పైనల్ దీన్ని ఎందుకు ఆపదు? నరాన్ని వెన్నులో మొద్దుబార్చాం, కానీ కరెంట్ తగిలేది దాని కింది భాగానికి, బ్లాడర్ పక్కన. అక్కడి నుంచి కండరం దాకా దారి చెక్కుచెదరలేదు.

పీజీ_రెండోఏడు
అయితే పక్క గోడ గడ్డకి జనరల్, రిలాక్సెంట్?

యూరోవాలా
పూర్తిగా రిలాక్సెంట్ పడి, నరం స్టిమ్యులేటర్‌లో నాలుగుకి సున్నా ట్విచ్‌లు ఉంటే సరే. ఎల్‌ఎంఏ (గొంతులో పెట్టే గాలి మాస్కు) పెట్టి ఊపిరి తనే తీసుకుంటుంటే స్పైనల్‌కన్నా ఏం మెరుగు కాదు. లేదంటే స్పైనల్‌తోపాటు ఆబ్చురేటర్ బ్లాక్, ఆ వైపుకే, అల్ట్రాసౌండ్‌తో. బైపోలార్ కరెంట్ వాడినా, బ్లాడర్‌ని మరీ నింపకపోయినా గుంజుడు తగ్గుతుంది, పోదు. సర్జన్ ముందే "పక్క గోడ" అని చెప్పాలి. చెప్పరు, అదే గొడవ.

గడ్డ తీశాక తేలుతున్న కణాలు గోడకి అంటుకోకుండా మైటోమైసిన్ అనే కీమో మందు 40 మిల్లీగ్రాములు ఒక డోసు బ్లాడర్‌లోకి, 24 గంటల లోపు, వీలైతే మొదటి రెండు గంటల్లోనే. క్యాథెటర్ బిగించి గంట ఉంచాలి. తక్కువ ప్రమాదం ఉన్న గడ్డల్లో తిరగబెట్టడం మూడోవంతు తగ్గుతుంది. గోడ చిరిగిందని అనుమానం ఉంటే మాత్రం వేయకూడదు, మందు పొట్టలోకి పోతే కణజాలం కుళ్ళిపోతుంది. చూశారా, ఒక్క కాలి గుంజుడుతో రోగికి రెండు నష్టాలు.

సెవో_సత్యం
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే నాకు ఎక్కువ పనికొచ్చేది.

బ్లడ్‌బ్యాంకు_బాబాయ్
రక్తం గురించి ఎవరూ ఎత్తలేదు. పెద్దపేగు క్యాన్సర్‌లో రక్తం ఎక్కించినవాళ్ళకి తిరగబెట్టడం ఎక్కువని కాక్రేన్ సమీక్ష, ఆడ్స్ రేషియో 1.42. హిమోగ్లోబిన్ 9 ఉంది కదా, ఎందుకైనా మంచిదని ఒక యూనిట్ పెట్టే అలవాటు మానండి. స్థిరంగా ఉన్న రోగికి 7 దాకా ఆగొచ్చు, గుండెజబ్బు ఉంటే 8.

లెక్కలమేష్టారు
బాబాయ్, రక్తం ఎవరికి ఎక్కుతుంది? గడ్డ పెద్దది, సర్జరీ కష్టం, నీరసం ఎక్కువ ఉన్నవాడికి. 1993లో నెదర్లాండ్స్‌లో పెద్దపేగు రోగుల్లో సొంత రక్తం తీసి దాచి ఎక్కించడానికి, ఇతరుల రక్తానికి చీటీ తీశారు. తిరగబెట్టడంలో తేడా లేదు. కానీ ఏ రక్తమైనా సరే ఎక్కినవాళ్ళ పరిస్థితి, ఎక్కనివాళ్ళకన్నా అధ్వాన్నం. అంటే పాపం రక్తానిది కాదు, రక్తం ఎక్కాల్సి వచ్చిన పరిస్థితిది.

బ్లడ్‌బ్యాంకు_బాబాయ్
అయినా అనవసర యూనిట్ అనవసరమే కదా మేష్టారూ.

లెక్కలమేష్టారు
అందులో మీకూ నాకూ తగాదా లేదు.

కత్తీకుట్టూ
రక్తం వద్దంటే ముందు ఐరన్ ఎక్కిద్దాం. క్లినిక్‌కి వచ్చిన రోజే.

బ్లడ్‌బ్యాంకు_బాబాయ్
ఎక్కించండి, కానీ రెండు వారాల ముందు పెట్టి అద్భుతం ఆశించకండి. ప్రివెంట్ ట్రయల్‌లో పెద్ద పొట్ట సర్జరీకి ముందు ఐవీ ఐరన్ ఇస్తే రక్తం ఎక్కించడం తగ్గలేదు. సర్జరీ అయ్యాక ఎనిమిది వారాలకి హిమోగ్లోబిన్ మాత్రం మెరుగ్గా ఉంది. కీమోకి వెళ్ళే రోగికి అది చిన్న విషయం కాదు.

సెవో_సత్యం
నేను చెప్పాలనుకున్నదీ అక్కడికే వస్తుంది. పెద్దపేగు సర్జరీ తర్వాత కీమో నాలుగు వారాలు ఆలస్యమైతే చావు ప్రమాదం సుమారు 14% పెరుగుతుందని 2011 విశ్లేషణ. ఎందుకు ఆలస్యమవుతుంది? గాయం చీము పట్టి, అతుకు లీకై, న్యుమోనియా వచ్చి. వీటిలో సగం మన చేతిలో ఉన్నాయి. ఒళ్ళు చల్లబడితే గాయం చీము పడుతుంది. 1996లో పెద్దపేగు సర్జరీ 200 మందిలో చల్లబడ్డవాళ్ళకి 19%, వెచ్చగా ఉంచినవాళ్ళకి 6%. వెచ్చగాలి దుప్పటి ఇండక్షన్‌కి ముందే వేయండి, 36 తగ్గకూడదు. యాంటీబయాటిక్ కోతకి ముందు గంటలో పడాలి, కోత పడ్డాక కాదు. టివానా సెవోనా అని కొట్టుకునేవాళ్ళు ఆ రోజు థర్మామీటర్ పెట్టారో లేదో చూడండి ముందు.

కత్తీకుట్టూ
థర్మామీటర్ దాకా ఎందుకు, ఏసీ రిమోట్ మా చేతిలో ఉన్నంతకాలం ఎవరి ఒళ్ళూ వెచ్చబడదు. తప్పు ఒప్పుకుంటున్నా.

మధ్యరాత్రి_డ్యూటీ
తిలాపాపం తలా పిడికెడు!

పీజీ_రెండోఏడు
చివరిగా ఒకటి. డెక్సామెథసోన్ 8 వాంతులకి ఇస్తున్నాం. స్టెరాయిడ్ కదా, ఇమ్యూనిటీ తగ్గి...

మందులచీటీ
ఒక డోసుకి భయపడకు. ప్యాడి ట్రయల్‌లో ఎనిమిది వేలకి పైగా రోగుల్లో 8 మిల్లీగ్రాములతో గాయం ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు. షుగర్ ఒకటి చూసుకో. ఓపియాయిడ్ గురించీ అంతే. ట్రిపుల్ నెగటివ్ (హార్మోన్, హర్2 గ్రాహకాలు లేని) బ్రెస్ట్ కేసుల రికార్డులు చూస్తే, థియేటర్లో ఓపియాయిడ్ ఎక్కువ పడ్డవాళ్ళకే తిరగబెట్టడం తక్కువ కనపడింది. అదీ వెనక్కి చూసిన లెక్కే, మేష్టారు ఊరుకోరు. కానీ నొప్పితో మూలుగుతున్న రోగికి క్యాన్సర్ పేరు చెప్పి ఫెంటనిల్ ఆపడానికి మాత్రం ఆధారం లేదు.

పీజీ_రెండోఏడు
రేపటి ఎంఆర్‌ఎంకి సెవోనే పెడతా. మా సర్జన్ గారికి టాటా ట్రయల్ చూపించి, లిగ్నోకైన్ ఆయన్నే పెట్టమంటా. ఇండక్షన్లో నా 60 మానేస్తా.

కత్తీకుట్టూ
బరువు తూచి చెప్పు. "ఓ యాభై ఉంటుంది సార్" అని కాదు.

థియేటర్_సిస్టర్
పంపు బ్యాటరీ సంగతి కూడా చూడు తమ్ముడూ. టివా లేకపోయినా నారడ్రినలిన్ దాని మీదే నడుస్తుంది. వాడనప్పుడు ప్లగ్గులోనే ఉంచండి. షిఫ్ట్ చేసే ముందు ప్లగ్ తీసి పది నిమిషాలు నడిపి చూడండి, లిఫ్టులో ఆగిపోతే తెలుసుకోవడం కాదు.